పాఠకుల ప్రశ్నలు: మార్సేయి రేవులో గడువు తీరిన కాగితాలు

ప్రశ్న: అన్నా జేగర్స్ నవల 'ట్రాన్సిట్' ఇంగ్లీషు అనువాదం ఈమధ్యే చదివాను. ఫ్రాన్సులోని మార్సేయి రేవులో వీసాల కోసం పడిగాపులు పడేవారి కథ అది. అదంతా ఆమె స్వయంగా అనుభవించినదేనా? అంత కష్టపడి బయటపడిన ఆమె మళ్ళీ జర్మనీకే ఎందుకు వెళ్ళారు?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: చాలావరకు స్వానుభవమే. 1900లో మైన్జ్ నగరంలో, కళాఖండాల వ్యాపారం చేసే యూదు కుటుంబంలో పుట్టిన ఆమె అసలు పేరు నెట్టీ రైలింగ్. 1928లో జర్మన్ సాహిత్యంలో పేరున్న క్లైస్ట్ పురస్కారం అందుకున్నారు, ఆ ఏడాదే కమ్యూనిస్టు పార్టీలో చేరారు. యూదు పుట్టుక, పార్టీ సభ్యత్వం రెండూ ఉన్నందున 1933లో హిట్లర్ అధికారానికి వచ్చాక దేశం విడిచి ఫ్రాన్సు వెళ్ళక తప్పలేదు. 1940లో జర్మన్ సైన్యం పారిస్‌కూ వచ్చేసరికి భర్త దక్షిణ ఫ్రాన్సులోని ల వెర్నె నిర్బంధ శిబిరంలో ఉన్నారు. ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని ఆమె దక్షిణాదికి తప్పించుకొని, మార్సేయిలో కాన్సులేట్ల చుట్టూ తిరిగారు.

చేరవలసిన దేశపు వీసా, దారిలోని దేశాలు దాటడానికి ట్రాన్సిట్ వీసా, ఓడ టికెట్టు, ఫ్రాన్సు విడిచి వెళ్ళే అనుమతి, ఈ నాలుగూ ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. ఒకటి చేతికందేసరికి మరొకదాని గడువు తీరిపోయేది. నవలలో కరకస్‌లో ఉద్యోగం ఖాయమైన ముసలి సంగీతకారుడు ఈ తిరుగుడులోనే ప్రాణం విడుస్తాడు. వీసా స్లాటు కోసం అర్ధరాత్రి దాకా కంప్యూటరు ముందు కూర్చునే మన బెంగళూరు కుటుంబాలకు గడువంటే ఏమిటో తెలుసు. అక్కడ గడువు దాటితే శిబిరమే గతి.

1941 మార్చిలో ఓడెక్కిన ఆ కుటుంబం మార్టినీక్, న్యూయార్క్‌ల మీదుగా మెక్సికో చేరింది. తల్లి మాత్రం మైన్జ్‌లోనే ఉండిపోయారు. జేగర్స్ నవల 'ఏడవ శిలువ' అమెరికాలో ఇంగ్లీషులో వెలువడి ఆమెకు పేరు తెచ్చిన 1942లోనే ఆ తల్లిని నాజీలు పోలండులోని పియాస్కీ యూదు నిర్బంధవాడకు తరలించారు. ఆవిడ తిరిగి రాలేదు. మరుసటి ఏడాది మెక్సికో నగరంలో కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన జేగర్స్, ఆ తరువాత 'చనిపోయిన బాలికల విహారయాత్ర' అనే కథ రాశారు. బడి పిల్లలతో రైన్ నదికి విహారానికి వెళ్ళిన బాలిక ఇంటికి తిరిగివస్తుంది. తల్లి వరండాలో నిలబడి ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ పిల్ల ఎంత ప్రయత్నించినా మెట్లెక్కి ఆమె దగ్గరకు చేరలేదు. కథలో ఆ పిల్ల పేరు నెట్టీ. 'ట్రాన్సిట్' తరువాత మీరు తప్పక చదవవలసినది ఇదే.

ఇక తిరిగి వెళ్ళడం గురించి. ఆమె రాసినది జర్మన్‌లో, నమ్మినది సామ్యవాదాన్ని. అందుకే 1947లో బెర్లిన్ చేరి, తూర్పు జర్మనీలో స్థిరపడి, 1952 నుంచి 1978 దాకా రచయితల సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్నారు. 1957లో వాల్టర్ యాంకాపై అక్కడి ప్రభుత్వం రాజద్రోహ విచారణ జరిపినప్పుడు ఆమె బహిరంగంగా నోరు విప్పలేదు. మెక్సికోలో 'ఏడవ శిలువ' జర్మన్ ప్రతిని అచ్చువేసిన ప్రవాసుల ప్రచురణ సంస్థను నడిపింది ఆ యాంకాయే. ఆమె పుస్తకాలను ఎంతగా ప్రేమించినా, ఆ మౌనాన్ని మాత్రం నేను సమర్థించలేను.