టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ తగ్గినట్టా?

ఈ నెల ఉత్తరాల్లో సగం థైరాయిడ్ మీదే. మిగతా సగంలో షుగరు, ఉప్పు, రీల్స్ చూసి తెచ్చుకున్న భయాలు. చోటు తక్కువ కాబట్టి ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఒళ్లంతా బరువుగా ఉంటోందని, జుట్టు ఊడుతోందని వెళ్తే రక్తపరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ 11.6 వచ్చింది, పక్కన ‘ఎక్కువ’ అని ఉంది. డాక్టర్ గారేమో థైరాయిడ్ తక్కువగా ఉందని బిళ్ళ రాశారు. రిపోర్టు ఎక్కువంటే ఈయన తక్కువంటారేంటి? ఎవరిది తప్పు? – గృహిణి, తెనాలి

జవాబు: ఎవరిదీ తప్పు కాదమ్మా. టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు, థైరాయిడ్‌కు పైనుంచి వచ్చే కబురు. దాన్ని పంపేది మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి (బళ్లో పీయూష గ్రంథి అని బట్టీ పట్టాం, థైరాయిడ్‌ని అవటు గ్రంథి అని).

వంటింట్లోంచి అమ్మ ‘అన్నానికి రారా’ అని పిలుస్తుంది. వాడు వచ్చి కూర్చుంటే మళ్లీ పిలవదు. పలక్కపోతే గొంతు పెంచుతుంది, అప్పటికీ రాకపోతే వీధి చివరిదాకా వినబడేట్టు కేకేస్తుంది. పిట్యూటరీ పని అచ్చం ఇదే. రక్తంలో టీ3, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్లు సరిపడా ఉన్నాయా లేదా అని కనిపెట్టుకుని ఉంటుంది, తగ్గాయంటే టీఎస్‌హెచ్ పెంచుతుంది. చాలా ల్యాబుల్లో మామూలు పరిమితి సుమారు 0.4 నుంచి 4 దాకా. మీ 11.6 ఆ అమ్మ వేసిన కేక. కేక పెద్దదయిందంటే పిల్లాడు పలకడం లేదని అర్థం, డాక్టర్ గారు చెప్పిందీ అదే. థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేసేవాళ్లలో దీనికి తిరగబడి టీఎస్‌హెచ్ దాదాపు సున్నాకు పడిపోతుంది, గుండె దడ, చేతుల వణుకు, ఎంత తిన్నా బరువు తగ్గిపోవడం కనిపిస్తాయి.

మరి అమ్మకే గొంతు పోతే? పిట్యూటరీలోనే జబ్బుంటే థైరాయిడ్ ఎంత తక్కువున్నా టీఎస్‌హెచ్ పెరగదు, చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. అరుదే గానీ ఉంటుంది, అందుకే అనుమానం వస్తే థైరాయిడ్ హార్మోన్‌నే నేరుగా కొలిచే ఫ్రీ టీ4 పరీక్ష కూడా చేయిస్తారు. ఇక పిల్లాడు ఎందుకు పలకడం లేదంటారా, మీ వయసు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే కారణం మన రోగనిరోధక శక్తే పొరపాటున థైరాయిడ్ మీద పడటం. 1912లో హకరు హషిమోటో అనే జపాన్ డాక్టరు దీన్ని మొదట వర్ణించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. మీరు చేసిందో, తిన్నదో కారణం కాదు.

ప్రశ్న: థైరాయిడ్ బిళ్ళ వేసుకున్న పది రోజులకే పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ పెద్దగా తగ్గలేదు. డోసు పెంచమని అడగనా? క్యాబేజీ మానేయాలట, నిజమేనా? జీవితాంతం వాడితే అలవాటు పడిపోమా? – ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: పది రోజులకు పరీక్ష డబ్బు దండగ సార్. మీరు వేసుకునే టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, అది ఒక మట్టానికి వచ్చి నిలబడాలి, దాన్ని చూసి పిట్యూటరీ నెమ్మదించాలి. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. ఈలోపు బిళ్ళ ఎలా వేసుకుంటున్నారో చూసుకోండి, నా దగ్గరకొచ్చే ‘డోసు పనిచేయట్లేదు’ కేసుల్లో చాలావాటికి మూలం అక్కడే దొరుకుతుంది. పరగడుపున, మంచినీళ్లతో, ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట దాకా కాఫీ కూడా వద్దు. బిళ్ళను కాఫీతో మింగి, ‘అయినా పరగడుపే కదా’ అనేవాళ్లున్నారు! క్యాల్షియం, ఐరన్ బిళ్ళలైతే నాలుగు గంటల ఎడం ఉండాలి, పక్కపక్కన వేసుకుంటే ఈ మందు పేగుల్లోంచి రక్తంలోకి సరిగ్గా వెళ్లదు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే పరీక్షకు రెండు రోజుల ముందు ఆపండి, అది కొన్ని ల్యాబు పద్ధతుల్లో లెక్కను తారుమారు చేస్తుంది.

క్యాబేజీ వండుకుని మామూలుగా తినండి, ఏం కాదు. అలవాటు అన్న మాటకొస్తే, ఒంట్లో తయారు కావాల్సిందే తక్కువైతే బయటనుంచి ఇస్తున్నాం. కళ్లజోడుకు అలవాటు పడ్డామని ఎవరూ బాధపడరు కదా. మీ ఇంట్లోగానీ బంధువుల్లోగానీ ఈ బిళ్ళ వాడే గర్భిణులుంటే మాత్రం ఒక మాట చెప్పండి: కడుపుతో ఉన్నామని దాన్ని మానకూడదు, సాధారణంగా డోసు పెంచాల్సి వస్తుంది, నెల తప్పిందని తెలియగానే డాక్టరుకు చెప్పాలి.

ప్రశ్న: కార్టిసాల్ పెరిగితే మొహం ఉబ్బుతుందని రీల్స్‌లో చూశాను. మొత్తం హార్మోన్ ప్యాకేజీ టెస్టు చేయించుకోనా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: వద్దు. కార్టిసాల్ అనే హార్మోన్ పొద్దున్నే ఎక్కువ, అర్ధరాత్రికి బాగా తక్కువ, మీరు షిఫ్టు ముగించుకుని ఏ మధ్యాహ్నమో ఇచ్చిన రక్తంలో అంకె చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. ఉదయం ఉబ్బిన మొహానికి నిద్ర చాలకపోవడం, రాత్రి ఉప్పగా తినడం చాలు. తేడాగా అనిపిస్తే ముందు డాక్టర్‌ని కలవండి, ఏ పరీక్షో వాళ్లు చెబుతారు.

ప్రశ్న: రాత్రి ఏడున్నరకే రెండు పుల్కాలు తింటాను. పడుకునేముందు షుగరు 140, పొద్దున లేచి చూస్తే 168. మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను. ఈ చక్కెర ఎక్కడిది? ఇంట్లోవాళ్లు దొంగతనంగా తింటున్నానంటున్నారు. – రిటైర్డ్ ఉద్యోగి, కాకినాడ

జవాబు: మీ తరఫున నేను సాక్ష్యం చెబుతాను సార్. తిండి లేకపోయినా మెదడుకు చక్కెర కావాలి, అందుకని కాలేయం దాచుకున్నదాన్ని కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటుంది. పైగా తెల్లవారుజామున మూడు గంటల నుంచి కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి లేస్తాయి, మనిషిని నిద్రలేపడానికి ముందే పొయ్యి రాజేసినట్టు, ‘ఇంకాస్త వదులు’ అని కాలేయానికి చెబుతాయి. షుగరు లేనివాళ్లలో క్లోమం వెంటనే ఇన్సులిన్ పెంచి దాన్ని సర్దేస్తుంది. మీకు ఆ సర్దుబాటు చాలడం లేదు, అంతే.

అయితే మీరు ఇన్సులిన్‌గానీ, షుగరును బాగా దించే బిళ్ళలుగానీ వాడుతుంటే ఒకటి రెండు రాత్రులు మూడింటికి లేచి షుగరు చూసుకోండి. అప్పుడు 70 కంటే తక్కువుంటే సంగతి వేరు, రాత్రి మందు ఎక్కువవుతోందేమో చూడాలి. పొద్దుటి అంకె చూసి మీ అంతట మీరే డోసు పెంచేయడం ప్రమాదం.

ప్రశ్న: మా కోడలు అయోడిన్ ఉప్పు మానేసి గులాబీ రంగు ఉప్పు తెచ్చింది. మంచిదేనా? – విజయనగరం

జవాబు: రంగు బాగుంటుంది, అయోడిన్ మాత్రం నామమాత్రం. అది లేకపోతే థైరాయిడ్ హార్మోన్ తయారవదు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములే, డెబ్బై ఏళ్లకు లెక్కేసినా నాలుగు గ్రాములు దాటదు, కానీ ఆ పిసరు రోజూ అందాలి. అందకపోతే పిట్యూటరీ కేకలేస్తూనే ఉంటుంది, ఆ కేకలకు థైరాయిడ్ ఉబ్బి గొంతు దగ్గర కాయలా కనిపిస్తుంది, అదే గాయిటర్. 1950ల్లో హిమాచల్‌లోని కాంగ్డా లోయలో కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి గమనించారు. అయోడిన్ అందినచోట గాయిటర్ బాగా తగ్గింది. 1962లో దేశమంతటికీ గాయిటర్ నివారణ కార్యక్రమం రావడానికి ఆ పనే పునాది. ఆ పరిశోధనను నడిపించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి మీ పక్కనున్న శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివినాయన. మీ కోడలికి పిల్లల ఆలోచన ఉంటే పాత ఉప్పుకే రమ్మనండి, కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి ఈ హార్మోనే ఆధారం. బీపీ ఉంటే ఏ ఉప్పయినా తగ్గించాల్సిందే, అది వేరే సంగతి.

ప్రశ్న: మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. దగ్గర్లో ఒకాయన పేరు లేని పొట్లాలు ఇస్తున్నాడు, ఎనిమిది నెలలుగా వాడుతోంది. నొప్పి మాయమైంది గానీ మొహం గుండ్రంగా ఉబ్బింది, కొత్తగా షుగరొచ్చింది, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతోంది. రేపటినుంచి ఆపించేయమంటారా? – మహబూబ్‌నగర్

జవాబు: ఆగండి, ఒక్కసారిగా ఆపొద్దు. మీరు చెప్పినవన్నీ చూస్తే ఆ పొట్లాల్లో స్టెరాయిడ్ ఉందనే అనుమానం. కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ తయారుచేస్తాయి, వాటిని పిలిచేదీ పైనున్న పిట్యూటరీయే. స్టెరాయిడ్ అంటే కార్టిసాల్ లాంటి మందే, అది బయటనుంచి నెలల తరబడి వస్తుంటే పిట్యూటరీ పిలవడం మానేస్తుంది, పిలుపు లేక అడ్రినల్స్ నిద్రపోతాయి. ఇప్పుడు పొట్లం ఆపేస్తే ఒంట్లోదీ లేదు, బయటదీ లేదు. వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది, ముఖ్యంగా జ్వరమో, ఆపరేషనో తోడైతే. నిద్రపోయిన గ్రంథి లేవడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది, కాబట్టి డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

ఈ వారంలోనే జనరల్ ఫిజిషియన్‌కు, వీలైతే ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరు) చూపించండి. ఈలోపు వాంతులు పట్టుకున్నా, కళ్లు తిరిగి పడినా రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లి, ‘ఎనిమిది నెలలుగా స్టెరాయిడ్ వాడిందేమో’ అన్న మాట ముందే చెప్పండి. మిగిలిన పొట్లాలు పారేయకండి, వెంట తీసుకెళ్లండి.