అయిదు ఆవులు కొనేముందు వట్టిపోయిన ఆవు సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా పెనుమూరు మండలంలో ఒక పల్లె. మూడున్నర ఎకరాల పొలం ఉంది. ఎకరన్నరలో తోతాపురి మామిడి, బోరు కింద రెండెకరాల్లో వేరుశనగ, ఒక్కో ఏడు టమాటా వేస్తాం. రెండు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులున్నాయి. ఒకటి రోజుకు 11 లీటర్లు ఇస్తోంది. రెండోది వట్టిపోయి అయిదు నెలలైంది, మూడుసార్లు కృత్రిమ గర్భధారణ సూది వేయించినా చూడి కట్టలేదు. పాలు లీటరు 34 రూపాయలకు పోస్తున్నాం. 50 కిలోల దాణా బస్తా 1,400 రూపాయలు. పాలిచ్చే ఆవుకు రోజూ 7 కిలోలు, వట్టి ఆవుకు 2 కిలోలు పెడుతున్నాను. 2025లో మామిడి ధర పడిపోయి దెబ్బతిన్నాం కాబట్టి ఇంకో అయిదు ఆవులు కొందామని మా ఆయన పట్టుబడుతున్నారు. ఊళ్లో ఒకాయన రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు ఇస్తామంటున్నారు. నా ఖాతాలో 60 వేలున్నాయి, ఆరు సవర్ల బంగారం ఉంది. పుంగనూరు దూడ కొని పెంచితే లాభమని ఒక బంధువు చెబుతున్నారు. మేత వేసేది, పాలు పితికేది నేనే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ 4 లక్షలు తీసుకోవద్దు. ఆవులు కొనవద్దని నేను అనడం లేదు. ఆ వడ్డీకి, ఒకేసారి అయిదు కొనవద్దంటున్నాను.

నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 4 లక్షలకు నెలనెలా 8,000 కట్టాలి. అయిదేళ్లు తప్పకుండా కడితే మీ చేతి నుంచి 4 లక్షల 80 వేలు పోతాయి, అసలు 4 లక్షలూ అలాగే నిలిచి ఉంటుంది. అదే 4 లక్షలు బ్యాంకులో 10 శాతం వడ్డీకి అయిదేళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు 8,500. అరవై వాయిదాలతో అప్పు మొత్తం తీరిపోతుంది. నెలకు 500 తేడాతో ఒక దారిలో అప్పు తీరుతుంది, మరో దారిలో రూపాయి కూడా తగ్గదు. ఊళ్లో దొరికే అప్పుకు కాగితాలు అడగరు, అడిగిన రోజే చేతికి వస్తుంది, అందుకే మనవాళ్లు అటు మొగ్గుతారు. ఆ సౌకర్యానికి ఇంత ధర చెల్లించవలసిన పని లేదు.

ఇప్పుడు మీరు రాసిన ధరలతోనే అయిదు ఆవుల లెక్క వేద్దాం. ఒక్కో ఆవు ఈతకు, అంటే ఒకసారి దూడను ఈనితే, 2,700 లీటర్లు ఇస్తుందనుకుందాం. ఈతకూ ఈతకూ మధ్య 13 నెలలుంటే, వట్టి రోజులు కూడా కలుపుకొని ఒక్కో ఆవుకు రోజుకు సగటున 6.8 లీటర్లు పడతాయి. అయిదింటికి 34 లీటర్లు, అంటే 1,156 రూపాయలు. దాణా 21 కిలోలు, 588 రూపాయలు. నెలకు 17 వేలు మిగులుతాయి. కొనే ఎండుగడ్డి, మందులు, బీమా, కరెంటు కింద 6,500 తీసేస్తే 10,500. వడ్డీ 8,000 కట్టాక మీ కష్టానికి దక్కేది 2,500. అసలు తీర్చడానికి ఏమీ ఉండదు.

ఇది అన్నీ సవ్యంగా జరిగితే వచ్చే లెక్క. అవే ఆవులు 18 నెలలకు ఒకసారి ఈనితే రోజు సగటు 4.9 లీటర్లకు పడిపోతుంది. అయిదింటికి 24.5 లీటర్లు, 833 రూపాయలు. వట్టిగా ఉన్నా కడుపుకు పెట్టాలి కాబట్టి దాణా ఖర్చు అంతగా తగ్గదు, 484 రూపాయలవుతుంది. ఇతర ఖర్చులు పోను నెలకు 4,000 కూడా మిగలదు, వడ్డీ మాత్రం 8,000. నెలకు 4,000 లోటు. ఆవులు మారలేదు, పాల ధర మారలేదు. మారింది ఈతల మధ్య ఎడం ఒక్కటే.

అందుకే మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట అయిదు ఆవుల గురించినది కాదు, చూడి కట్టని ఆ ఒక్క ఆవు గురించినది. పశు పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నది ఇదే: 305 రోజులు పాలు, 60 రోజులు వట్టి, 12 నుంచి 13 నెలలకు మళ్లీ ఈత. ఈ చక్రం తిరిగితేనే పాడిలో డబ్బు. రెండు ఆవులతో తిరగని చక్రం ఏడు ఆవులతో తిరగదు. ఆ ఆవు దాణాకే మీకు నెలకు 1,680 ఖర్చవుతోంది, మేత, చాకిరీ వేరు.

నాలుగో సూది వేయించే ముందు దాన్ని పశువైద్యుడికి చూపించండి. గర్భాశయంలో ఇన్ఫెక్షన్ ఉందా, అండాశయాలు పని చేస్తున్నాయా అన్నది చేతితో పరీక్షించి చెబుతారు. మీ దగ్గర తేలకపోతే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి వైద్యులను సంప్రదించండి. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు తప్పకుండా పెట్టండి. ఇది మానేసిన ఇళ్లలోనే ఎక్కువగా ఎద (ఆవు చూడి కట్టడానికి సిద్ధమయ్యే వేళ) సరిగా రాదు. సూది వేయించే వేళ కూడా ముఖ్యం. పొద్దున ఎద లక్షణాలు కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలి. ఎద సుమారు 21 రోజులకొకసారి వస్తుంది. వంటింట్లో క్యాలెండర్ మీద ఎద కనిపించిన తేదీ, సూది తేదీ రాసి, 21వ రోజు చుట్టూ గుర్తు పెట్టుకోండి. ఆ రోజుల్లో తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్లి చూడండి. ఎండాకాలంలో సంకర ఆవుల ఎద పగటిపూట కంటపడకుండానే పోతుంది. వైద్యం చేయించాక కూడా మూడు నాలుగు నెలల్లో చూడి నిలవకపోతే, దాన్ని ఇంకా మేపడం మీ స్తోమతకు మించిన పని అని నా అభిప్రాయం. ఈ మాట చెప్పడం కష్టమే, పెంచిన చేతులకు ఇంకా కష్టం.

ఇక దాణా. పాడి ఖర్చులో అరవై డెబ్బై శాతం మేతా దాణాలదే. ఆవుకు శరీర పోషణకు ఒకటిన్నర కిలో, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో అన్నది వాడుకలో ఉన్న సూత్రం. 11 లీటర్లకు 4.4, దానికి 1.5 కలిపితే ఆరు కిలోలు. మీరు ఏడు పెడుతున్నారు. ఆ ఒక్క కిలో నెలకు 840 రూపాయలు. అయితే రేపే తగ్గించవద్దు. మీరు ఉత్తరంతో పంపిన పాల చీటీల్లో వెన్న 3.6 ఉంది, బాగానే ఉంది. ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న, నీరు కాక మిగిలే ఘన పదార్థాల శాతం) మాత్రం చాలా పూటలు 8.0 దగ్గరే ఆగింది, రెండు చీటీల్లో 7.9. చాలా డెయిరీలు 8.5ను ప్రామాణికంగా పెట్టుకుని, అంతకు తగ్గిన కొద్దీ ధర కోస్తాయి. దాణా ఎక్కువ పెట్టినా ఎస్‌ఎన్‌ఎఫ్ తక్కువ రావడం మేతలో పొందిక లోపించిందనడానికి గుర్తు కావచ్చు, పైకి కనిపించని పొదుగువాపు కూడా కావచ్చు. పశువైద్యుడు వచ్చినప్పుడు నాలుగు చన్నుల పాలనూ విడివిడిగా పరీక్ష చేయించండి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏళ్ల తరబడి నడిపిన సమతుల దాణా కార్యక్రమం సారాంశం కూడా ఇదే: ఇంట్లో ఉన్న మేతను లెక్కగట్టి లోటున్నదే కొనాలి.

ఆ లెక్కకు ఆవు బరువు తెలియాలి. కాటా అక్కరలేదు, దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ఎముక నుంచి తోక పక్కనున్న పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో తీయండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 66, పొడవు 54 అయితే సుమారు 356 కిలోలు. పాలిచ్చే ఆవుకు బరువులో 3 శాతం లెక్కన రోజుకు పదీ పదకొండు కిలోల పొడి పదార్థం కావాలి. పచ్చిమేతలో పొడి పదార్థం అయిదో వంతే, మిగతాది నీరు. నట్టల మందు మోతాదు చెప్పించుకోవడానికీ ఈ బరువే ఆధారం.

ఆవుల కన్నా ముందు పచ్చిమేత రావాలి. బోరు కింద రెండెకరాల్లో ముప్పై సెంట్లు పచ్చిమేత గడ్డి హైబ్రిడ్ నేపియర్‌కు, గట్ల వెంట పప్పుజాతి మేత హెడ్జ్ లూసర్న్‌కు, అలసందకు కేటాయించండి. నేపియర్ నాటిన 70, 75 రోజులకు మొదటి కోత, ఆ తర్వాత 45 రోజులకొకసారి కోయవచ్చు. పప్పుజాతి పచ్చిమేత 6 నుంచి 8 కిలోలు పెడితే ఒక కిలో దాణాకు సాటి అవుతుంది. ఆ మేత చేతికొచ్చాక ఏడో కిలో మానేయండి.

వేరుశనగ వదలకండి. కాయ అమ్ముకుంటారు, కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు మొక్క) ఆవులకు పనికొస్తుంది, కాబట్టి మీ ఇంటికి అది రెండు రాబడుల పంట. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ నేలలకోసమే ధరణి లాంటి రకాలు ఇచ్చింది. ధరణి బెట్టకు తట్టుకుంటుంది. కదిరి పరిశోధన స్థానం కదిరి లేపాక్షి ఇచ్చింది. విత్తనం ఎక్కడ దొరుకుతుందో మీ రైతు సేవా కేంద్రంలో అడగండి. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయడం మరవకండి. ఆ వేళకు కాల్షియం అందకపోతే చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకితే తాలు కాయలు. టమాటా మాత్రం అప్పు సొమ్ముతో వేయకండి, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మామిడికి 2025లో ఫ్యాక్టరీలు కిలోకు 8, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అలాంటి ఏడు మళ్లీ రావచ్చు గనుక, ఏ అప్పు వాయిదానూ మామిడి డబ్బు మీద పెట్టుకోకండి.

డబ్బు ఎక్కడిది అంటారా? కిసాన్ క్రెడిట్ కార్డును పాడికి కూడా ఇస్తున్నారు. పాడి ఖర్చులకు 2 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులో కడితే 3 శాతం తిరిగి వచ్చి 4 శాతమే పడుతుంది. ఇది దాణా, మందుల వంటి నడిపే ఖర్చులకు, ఆవులు కొనడానికి కాదు. దాణా దుకాణంలో అరువు ఉంటే ముందు దీనితో తీర్చేయండి, నగదు ఇస్తే బస్తా ధర కూడా తగ్గించమని అడగవచ్చు. ఆవులకు విడిగా టర్మ్ లోన్ (ఏళ్ల తరబడి వాయిదాల్లో తీర్చే అప్పు) అడగాలి. 2025 జనవరి నుంచి వ్యవసాయ, అనుబంధ రుణాలకు 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. రెండు ఆవులకు 1,60,000 తీసుకుంటే, కార్డు అప్పుతో కలిపి 2 లక్షలు దాటనంతవరకు ఆ హద్దులోనే ఉంటారు. 10 శాతం వడ్డీకి అయిదేళ్ల వాయిదా సుమారు 3,400. మీ రెండు ఆవులూ పాలిస్తున్న నెలల్లో ఈ వాయిదా మీకు భారం కాదు.

ఆ 60 వేలు కదపకండి. ఆవు జబ్బు పడితేనో బోరు మోటారు కాలితేనో మళ్లీ రెండు రూపాయల వడ్డీ గడప తొక్కకుండా కాపాడేది అదే. బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి. బ్యాంకు రుణం ఆలస్యమై, తప్పనిసరైతే బ్యాంకులోనే కుదువ పెట్టండి, ప్రైవేటు దుకాణాల్లో వద్దు.

కొనడం ఇప్పుడు కాదు, మేత మొదటి కోతకు వచ్చి, పాత ఆవు సంగతి తేలాక. అప్పుడు కూడా ఒకటి కొని, నాలుగైదు నెలల తర్వాత రెండోది కొనండి. ఒకటి వట్టిపోయే వేళకు ఇంకొకటి పాల మీద ఉంటుంది, వాయిదా ఆగదు. రెండో ఈత, మూడో ఈత ఆవునే చూడండి. అమ్మేవారి మాట మీద కాకుండా, వరుసగా మూడు పూటలు మీ చేతులతో పితికి చూశాకే బేరం ఖాయం చేయండి. సంతలో ఇది కుదరదు, అందుకే ఇంటి దగ్గర ఉన్న ఆవును వెతకమంటాను. చెవికి 12 అంకెల పోగు వేయించి, అది ఇంటికి వచ్చిన వారంలోనే బీమా చేయించండి. ఆరు నెలలకొకసారి గాలికుంటు టీకా వేయించండి.

పుంగనూరు దూడ విషయం. ఆ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రం కాపాడుకుంటూ వస్తోంది, మన జిల్లాకు గర్వకారణం. కానీ అది కొద్దిపాటి పాలిచ్చే చిన్న ఆవు. ఇవాళ దానికి పలుకుతున్న ధర పాల లెక్కతో వచ్చింది కాదు, ముచ్చటపడి కొనేవారి వల్ల వచ్చింది. ఆ ముచ్చట ఎన్నేళ్లు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. వాయిదాలు కట్టవలసిన ఇంటికి అది పెట్టుబడి కాదు. ఇంకో చిన్న సంగతి: పొలం రాబడికి ఆదాయపు పన్ను లేదు గానీ పాల రాబడి ఆ లెక్కలోకి రాదు. మీ స్థాయిలో పన్ను పడదు, అయినా పాల చీటీలు, దాణా బిల్లులు పారేయకండి.

చివరగా, పాల బిల్లు ఎవరి ఖాతాలో పడుతోందో మీరు రాయలేదు. చాకిరీ మీది కాబట్టి మీ ఖాతాలోనే పడేలా డెయిరీలో ఇప్పుడే మార్పించుకోండి. రుణం అడగడానికి వెళ్లేటప్పుడు ఆరు నెలల జమలు ఉన్న పాసుపుస్తకం, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం నకలు, ఆవుల చెవిపోగు నంబర్లు పట్టుకెళ్లండి. మీ ఆయనను కూడా వెంట తీసుకెళ్లి, పైన వేసిన రెండు లెక్కలూ మేనేజరు ఎదుటే ఆయనకు చూపించండి.