వ్యాపార సంఘంలో చేరితే చిన్న పరిశ్రమకు ఒరిగేదేమిటి?

కొత్తగా చిన్న తయారీ యూనిట్ పెట్టిన మీరు, వ్యాపారాన్ని సులభతరం చేస్తామని చెప్పే పారిశ్రామిక సంఘాల్లో సభ్యత్వం తీసుకుంటే ఒరిగేదేమైనా ఉందా, లేక మంత్రులకు శాలువాలు కప్పి ఫొటోలు దిగడంతోనే సరిపెడతారా అని అడిగారు. నేను తెలంగాణలోని ఒక పారిశ్రామికవాడలో యంత్ర విడిభాగాలు తయారుచేసే షెడ్డు నడుపుతున్నాను. మా ప్రాంత పరిశ్రమల సంఘంలో చాలాకాలంగా సభ్యుడిని, పన్నులు, చెల్లింపుల విషయాలు చూసే ఉపసంఘంలో పనిచేస్తున్నాను. శాలువాల మాట అబద్ధమేమీ కాదు. అయినా సంఘం వల్ల ప్రయోజనం ఉంది. కాకపోతే సభ్యుడు చెప్పుకున్న గోడును ఫలానా చట్టం, ఫలానా సెక్షన్, ఫలానా గడువు అని తేల్చి రాసి, అతని పేరు ఎక్కడా బయటపెట్టకుండా తన పేరుతోనే పై వరకు తీసుకెళ్లగల సంఘం అయితేనే ఆ ప్రయోజనం దక్కుతుంది.

వ్యాపారం మొదలుపెట్టడం వేరు, దాన్ని నడపడం వేరు. మొదలుపెట్టే దశలో ప్రభుత్వాలు చేసిన పనిని తక్కువ చేసి చెప్పలేం. తెలంగాణలో 2014లో వచ్చిన టీఎస్-ఐపాస్ చట్టం వివిధ శాఖల అనుమతులను ఒకే దరఖాస్తు కిందికి తెచ్చి వాటికి గడువులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ డెస్క్ విధానం ఉద్దేశమూ అదే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో తెల్ల కేటగిరీని ప్రవేశపెట్టాక, కాలుష్యం దాదాపుగా లేని పరిశ్రమలకు అనుమతి కోసం తిరిగే పని తప్పి, సమాచారం ఇస్తే చాలన్న పరిస్థితి వచ్చింది. ర్యాంకులు కూడా ఈ మొదటి దశనే ఎక్కువగా పట్టించుకున్నాయి. ప్రపంచ బ్యాంకు సులభతర వాణిజ్య నివేదికల్లో మన దేశం 2015 నివేదికలోని 142వ స్థానం నుంచి 2020 నివేదిక నాటికి 63కు ఎగబాకింది. అయితే ఆ లెక్క మన విషయంలో ఢిల్లీ, ముంబై నగరాల పరిస్థితిని బట్టి కట్టినది. పైగా 2018, 2020 నివేదికల గణాంకాల్లో అవకతవకలు బయటపడటంతో 2021 సెప్టెంబరులో బ్యాంకు ఆ నివేదికనే ఆపేసింది. 2016లో సులభతర వాణిజ్య సంస్కరణల అమలుపై రాష్ట్రాల ర్యాంకులు ప్రకటించినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 98.78 శాతంతో ఉమ్మడిగా మొదటి స్థానంలో నిలిచాయి. సంతోషించాల్సిన విషయమే గానీ, షట్టరు ఎత్తిన మర్నాటి నుంచి చిన్న పరిశ్రమకు ఎదురయ్యే చిక్కులకు ఆ శాతంలో చోటు తక్కువ. రావలసిన బకాయిలు, పన్ను నోటీసులు, కరెంటు బిల్లులు, అనుమతుల పునరుద్ధరణ అన్నీ ఆ తర్వాతి సంగతులు. సంఘంతో అసలు పని పడేది అక్కడే.

వీటన్నిటిలోకి పెద్దది బకాయిల సమస్య. సరుకు అందుకున్న కొనుగోలుదారు, రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజులకు మించకుండా అందులో రాసుకున్న గడువులోగా, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లోగా సూక్ష్మ, చిన్న సంస్థలకు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. 2017లో ఇటువంటి బకాయిల ఫిర్యాదుల కోసమే వచ్చిన సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే అది రాష్ట్రంలో ఈ వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. కౌన్సిల్ ఇచ్చిన తీర్పును సవాలు చేయదలచిన కొనుగోలుదారు ముందుగా ఆ మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి. కాగితం మీద ఇంతకంటే బలమైన రక్షణ మరొకటి ఉండదు. అయినా మా వాడలో చాలామంది ఫిర్యాదు జోలికి పోరు. నెలకు వచ్చే ఆర్డర్లలో సగానికి పైగా ఒకే కంపెనీ నుంచి వస్తున్నప్పుడు ఆ కంపెనీ మీద ఫిర్యాదు పెట్టడమంటే పాత బకాయి కోసం రేపటి పనిని వదులుకోవడమే. సంఘం పేరు అవసరమయ్యేది ఇటువంటి సందర్భంలోనే.

మా ప్రాంతంలో ఒక పెద్ద కొనుగోలుదారు దగ్గర మాలో చాలామందికి బకాయిలు పేరుకుపోయాయి. అడిగిన ప్రతిసారీ వాళ్ల అకౌంట్స్ విభాగం చెప్పే మాట ఒక్కటే: స్టోర్స్ వాళ్లు ఇంకా జీఆర్ఎన్ (సరుకు అందినట్టు కంపెనీ లోపల రాసుకునే పత్రం) వేయలేదు కాబట్టి మా లెక్కలో మీ సరుకు ఇంకా అందనట్టే. డెలివరీ చలానా మీద గేటు ముద్ర, తేదీ, సెక్యూరిటీ సంతకం అన్నీ ఉన్నా గడువు లెక్క మాత్రం మొదలుకాదు. చట్టం ప్రకారం ఈ వాదన చెల్లదు. సరుకు అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే సరుకును అంగీకరించినట్టు లెక్క. లోపల జీఆర్ఎన్ ఎప్పుడు వేసుకున్నారన్నది వాళ్ల ఇంటి వ్యవహారం. ఆ సంగతి మాలో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లకు అనే ధైర్యం లేదు.

అప్పుడు మా ఉపసంఘం ఏ సభ్యుడి పేరూ, ఏ బిల్లు నంబరూ ప్రస్తావించకుండా, ఆ ఒక్క కంపెనీకే కాకుండా వాడ చుట్టుపక్కల ఉన్న పెద్ద కొనుగోలుదారులందరికీ ఒకే లేఖ పంపింది. గేటు ముద్ర తేదీయే అంగీకార తేదీ ఎందుకవుతుందో అందులో వివరించాం. గడువు దాటిన చిన్న సంస్థల బకాయిలను కంపెనీలు తమ వార్షిక ఖాతాల్లో చూపించాలనీ, 45 రోజులు మించిన వాటిపై కార్పొరేట్ వ్యవహారాల శాఖకు ఆరు నెలలకోసారి ఎంఎస్ఎంఈ-1 ఫారం దాఖలు చేయాలనీ గుర్తుచేశాం. లేఖ ప్రతిని కంపెనీల ఆడిటర్ల దృష్టికి కూడా తీసుకెళ్లమని కోరాం. నిజానికి పని చేసిపెట్టింది ఈ చివరి వాక్యమేనని నా నమ్మకం. కొనుగోలు విభాగం మేనేజరు మా మాట పెడచెవిన పెట్టగలడు గానీ, ఆడిటరు అడిగిన ప్రశ్నకు ఫైనాన్స్ విభాగం జవాబు చెప్పుకోక తప్పదు. బకాయిలన్నీ ఒక్కసారిగా తీరలేదు. అయినా గేటు ముద్ర తేదీ నుంచే గడువు లెక్కకట్టే పద్ధతి అక్కడ మొదలైంది, ఎవరి ఆర్డరూ పోలేదు. ఇదే లేఖ నా లెటర్‌హెడ్ మీద వెళ్లి ఉంటే నా వెండర్ కోడ్ (సరఫరాదారుగా కంపెనీ ఇచ్చే నంబరు) మరునాటికి మిగిలేదని అనుకోను.

ఇక్కడే మరో మాట చెప్పాలి. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 2023 ఫైనాన్స్ చట్టం ద్వారా 43బి(హెచ్) అనే నిబంధన చేరింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటినా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి అన్నది దాని సారాంశం. మా వంటి వాళ్లకు ఇది మేలు చేసే నిబంధనే. అయినా అది అమలులోకి వస్తున్న సమయంలో, 2024 మొదట్లో, బట్టల వ్యాపారులతో సహా పలు వర్తక సంఘాలు దాన్ని వాయిదా వేయాలని కోరాయి. వాళ్ల రంగంలో అరువు గడువులు 45 రోజులను ఎప్పుడో దాటిపోయి ఉండటమూ, కొనుగోలుదారులు ఉద్యమ్ నమోదు (కేంద్రం దగ్గర చిన్న సంస్థగా చేసుకునే నమోదు) లేని సరఫరాదారుల వైపు మళ్లుతారన్న భయమూ అందుకు కారణాలు. అన్ని సంఘాలకూ ఒకే ప్రయోజనం ఉండదని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

జీఎస్టీ విషయం దీనికి భిన్నమైనది. కొత్త రిజిస్ట్రేషన్ దరఖాస్తుపై అధికారికి సందేహం ఉంటే సాధారణంగా 7 పని దినాల్లో రెగ్-03 అనే ఫారంలో నోటీసు ఇస్తారు, దానికి మనం 7 పని దినాల్లో రెగ్-04లో జవాబు ఇవ్వాలి. అద్దె షెడ్డులో ఉన్న కొత్త సభ్యులకు వచ్చే నోటీసుల్లో షెడ్డు యజమాని పాన్, ఆధార్, చివరికి యజమాని షెడ్డు ముందు నిలబడి దిగిన ఫొటో కూడా అడుగుతుండేవారు. యజమాని మరో ఊళ్లో ఉంటే ఆ ఒక్క ఫొటో కోసం దరఖాస్తు తిరస్కరణ దాకా పోయేది. మేము సభ్యుల నుంచి ఇటువంటి నోటీసుల నకళ్లు తెప్పించి, పేర్ల మీద నల్ల సిరా పూసి, ఏ ప్రశ్న ఎందరికి వచ్చిందో, అది ఏ నిబంధనలో లేదో పక్కపక్కనే పట్టికగా వేసి పై కార్యాలయాలకు పంపాం. దేశవ్యాప్తంగా ఇటువంటి ఫిర్యాదులే వెళ్లి ఉంటాయి గనుక ఇది మా ఘనతేనని చెప్పుకోను గానీ, 2025 ఏప్రిల్ 17న కేంద్ర పరోక్ష పన్నుల మండలి తన అధికారులకు స్పష్టమైన సూచనలు జారీచేసింది. అద్దె స్థలమైతే రిజిస్టర్ అయిన అద్దె ఒప్పందం, దానితోపాటు యజమాని హక్కును చూపే ఆస్తిపన్ను రసీదు లేదా కరెంటు బిల్లు వంటి పత్రం ఒక్కటి చాలనీ, జాబితాలో లేని పత్రం అడగాలంటే డిప్యూటీ లేదా అసిస్టెంట్ కమిషనర్ ఆమోదం ఉండాలనీ అందులో ఉంది. అయితే ఆ సూచనలు కేంద్ర పరిధిలోని అధికారులకు ఇచ్చినవి; దరఖాస్తు రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ అధికారి దగ్గరకు వెళితే నేరుగా వర్తించవు. అందుకే అదే పద్ధతి పాటించాలని రాష్ట్ర శాఖకు విడిగా వినతిపత్రం ఇచ్చాం. సూచనల సారాంశాన్ని తెలుగులో ఒక పేజీగా అచ్చువేసి, రెగ్-04 జవాబుతో జతచేయమని కొత్త సభ్యులకు ఇస్తున్నాం. ఈ పేజీ చూపించాక వాదన తగ్గిన సందర్భాలు నాకు తెలుసు. మీ దరఖాస్తు ఇంకా నడుస్తూ ఉంటే ఇది మీకూ పనికొస్తుంది.

ఎవరూ పెద్దగా గుర్తించని పని విద్యుత్ ఛార్జీల మీద జరుగుతుంది. పంపిణీ సంస్థలు ఏటా ఆదాయ అవసరాల నివేదికనూ, ఛార్జీల ప్రతిపాదనలనూ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పిస్తాయి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం మండలి ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే తీర్పు ఇవ్వాలి. ఆ నివేదికలు చదివి డిమాండ్ ఛార్జీ (విద్యుత్ సామర్థ్యాన్ని బట్టి నెలనెలా కట్టే మొత్తం) ఎందుకు పెరగకూడదో అంకెలతో వాదించడం చిన్న షెడ్డు యజమానికి అయ్యే పని కాదు. సంఘాలు చందా వేసుకుని నిపుణుడిని పెట్టుకుంటాయి, బహిరంగ విచారణలో మాట్లాడతాయి. మండలి ఉత్తర్వులో అభ్యంతరం, దానికి పంపిణీ సంస్థ జవాబు, మండలి అభిప్రాయం ఒకదాని కింద ఒకటి అచ్చవుతాయి. మనం అన్న మాటకు ఇంత పద్ధతిగా జవాబు వచ్చే చోటు ప్రభుత్వ వ్యవస్థలో మరెక్కడా నేను చూడలేదు. అడిగినదంతా ఒప్పుకోరు, అది వేరే విషయం.

ఇక సంఘాల లోపాల సంగతి. పెద్ద కంపెనీలూ, వాటికి సరుకు ఇచ్చే చిన్న యూనిట్లూ ఒకే సంఘంలో ఉంటే, బాకీ పడ్డవాడూ బాకీ రావలసినవాడూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. స్పాన్సర్‌షిప్ ఇచ్చే కంపెనీ మీద ఆ సంఘం లేఖ రాస్తుందని ఆశించకండి. ప్రభుత్వంతో మంచిగా ఉండాలన్న ఆరాటంలో, ప్రతి బడ్జెట్‌నూ స్వాగతిస్తూ ప్రకటన ఇవ్వడమే పనిగా పెట్టుకున్న కార్యవర్గాలూ ఉన్నాయి. జాతీయ స్థాయి సంఘాలు విధానాల మీద చేసే కృషి విలువైనదే. చిన్న తప్పులకు జైలు శిక్షలు వద్దన్న వాటి డిమాండు చాలా పాతది, 2023 జన్ విశ్వాస్ చట్టం 42 కేంద్ర చట్టాల్లోని 183 నిబంధనలను సవరించాక కొంతవరకు నెరవేరింది. కానీ మీ జీఆర్ఎన్ గొడవ అంత పైదాకా చేరదు. అందుకని మొదట స్థానిక లేదా రంగాల వారీ సంఘంలో చేరమనే నా సలహా.

చందా కట్టేముందు గత ఏడాది సంఘం పంపిన వినతిపత్రాల నకళ్లు, వాటికి వచ్చిన జవాబులు చూపించమని అడగండి. వాటిలో 'పారిశ్రామికవేత్తల సమస్యలు పరిష్కరించాలి' వంటి వాక్యాలే ఉన్నాయా, సెక్షన్ నంబర్లూ తేదీలూ ఉన్నాయా చూడండి. ముసాయిదా నిబంధనలు అభిప్రాయాల కోసం బయటికి వచ్చినప్పుడు గడువులోగా ఏమైనా రాశారా అని కూడా అడగండి, ఎందుకంటే నిబంధన ఖరారయ్యాక చేసే పోరాటం కంటే ముసాయిదా దశలో పంపిన అభిప్రాయానికే ఫలితం ఎక్కువ. కార్యవర్గంలో మీ స్థాయి యూనిట్లు నడిపేవాళ్లు ఎవరున్నారో చూసి, వీలైతే ఒక ఉపసంఘం సమావేశానికి అతిథిగా వెళ్లి కూర్చోండి.

మీ వైపు నుంచి ఉద్యమ్ నమోదు ఆర్డరు తీసుకునే ముందే ఉండేటట్టు చూసుకోండి. సరఫరా అయ్యాక చేసుకున్న నమోదుతో పాత బకాయిలకు రక్షణ ఉంటుందా అన్నదానిపై కోర్టుల్లో వివాదాలు నడిచాయి. ఉద్యమ్ నంబరూ, మీరు సూక్ష్మ సంస్థో చిన్న సంస్థో అన్న సంగతీ ప్రతి ఇన్వాయిస్ మీద అచ్చువేయండి. డెలివరీ చలానా రెండో ప్రతి మీద గేటు ముద్ర, తేదీ పడకుండా మీ డ్రైవరును వెనక్కి రావద్దని చెప్పండి. ఏ సంఘమైనా మీ తరఫున వాదించాలంటే ముందుగా చేతిలో ఉండాల్సింది ఆ చలానాయే.