పోస్టు, అంచె

సందేహం: ఉత్తరాల పోస్టు, ఉద్యోగం పోస్టు, గోల్ పోస్టు, పోస్టుమార్టం, ఇప్పుడు ఫేస్‌బుక్ పోస్టు: ఇవన్నీ ఒకే ఇంగ్లీషు మాటేనా? ఫేస్‌బుక్‌లో రాసే పోస్టును కొందరు ‘టపా’ అంటున్నారు. అలా అనవచ్చా? అసలు పోస్టుకు మనకు సొంత మాట లేదా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ చివరి ప్రశ్న కోసమే ఈ ఉత్తరాన్ని ముందుకు తీసుకున్నాను. అక్కడికి చేరాలంటే మొదటి ప్రశ్నను దాటాలి కాబట్టి దాన్ని క్లుప్తంగా ముగిస్తాను.

ఇవన్నీ ఒకే మాట కావు. ఒకే వర్ణక్రమంలో ఒదిగిపోయిన వేర్వేరు మాటలు. గోల్ పోస్టులోని పోస్టు అంటే పాతిన గుంజ, స్తంభం. గుమ్మానికి పక్కన నిలిపే కమ్మిని లాటిన్‌లో ‘పోస్టిస్’ అనేవారు. అది పాత ఇంగ్లీషు కాలానికే ఆ భాషలో చేరిపోయింది. పోస్టుమార్టంలో ఉన్నది ‘తరవాత’ అనే అర్థమున్న లాటిన్ ఉపసర్గ. దానికి గుంజతోనూ పని లేదు, ఉత్తరంతోనూ పని లేదు. మనం ఉత్తరం చివర ‘తా.క.’ అని రాసే చోట ఇంగ్లీషులో ‘పి.ఎస్.’ అని రాస్తారు కదా, అందులోనిదీ ఈ ఉపసర్గే. ఉత్తరంలో కనిపిస్తుంది కనుక దాన్ని తపాలాకు ముడిపెట్టేవారున్నారు. అది పొరపాటు.

ఉత్తరాల పోస్టు, ఉద్యోగం పోస్టు మాత్రం ఒకే ఇంటివి. ‘ఉంచు, నిలుపు’ అనే అర్థమున్న ‘పోనెరె’ అనే లాటిన్ క్రియ వాటికి మూలం. ‘ఉంచబడినది’ అనే రూపం నపుంసకలింగంలో ‘పొసితుమ్’, స్త్రీలింగంలో ‘పొసిత’. ఇటాలియన్‌లో ఇవి ‘పోస్తో’, ‘పోస్త’ అయ్యాయి. ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకు వచ్చేసరికి రెండింటికీ చివరి అచ్చులు రాలిపోయి ఒకే రూపం మిగిలింది. మొదటిది సైనికుణ్ణి కాపలా నిలిపిన చోటు, ఆ తరవాత కొలువు. “పోస్టింగు ఎక్కడ వచ్చింది?” అని అడిగినప్పుడు మనిషిని నిలిపే చోటు అనే ఆ పాత అర్థమే పలుకుతున్నది. ఇది తెలియకపోవడం వల్లనే “ఉద్యోగ పోస్టుల భర్తీ” అని పత్రికలు శీర్షికలు పెడుతున్నాయి. ఒకే వస్తువును రెండు భాషల్లో రెండుసార్లు చెప్పడం ఎందుకు? “ఉద్యోగాల భర్తీ” అంటే చాలు.

వాయిదా వేయడాన్ని చెప్పే ‘పోస్ట్‌పోన్’లో తరవాత అనే ఉపసర్గ, పోనెరె అనే క్రియ రెండూ ఉన్నాయి. తరవాతకు ఉంచడమన్న మాట. చిట్టాలోని పద్దును ఆవర్జాలోకి, అంటే లెడ్జరులోకి, ఎక్కించడాన్నీ పోస్టు చేయడమే అంటారు. అది లెక్కలవారి మాట, ఇక్కడ మనకు అవసరం లేదు.

ఇక ఉత్తరాల పోస్టు. ‘ఉంచబడినది’ అన్నారు సరే, ఏమిటి ఉంచినది? ఉత్తరమా? కాదు. దారి పొడవునా ఇంత దూరానికొకటి చొప్పున గుర్రాన్ని, రౌతును నిలిపి ఉంచారు. ఒక రౌతు తెచ్చిన లేఖను అక్కడ కాచుకొని ఉన్న రౌతు అందుకొని పరుగెత్తుతాడు, అతని నుంచి ఆ పైవాడు అందుకుంటాడు. అలా నిలిపిన మనిషి మొదట పోస్టు. తరవాత ఆ ఏర్పాటు పోస్టు అయింది. చివరికి ఆ మనిషి మోసే ఉత్తరాలే పోస్టు అయ్యాయి. మోసేవాడి పేరు మోసిన సరుకుకు దక్కింది.

ఇది ఇంగ్లీషువారు కనిపెట్టిన ఏర్పాటు కాదు. పారశీక చక్రవర్తుల కాలంలోనే ఉంది. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర గ్రీకుల చేతిలో ఓడిన పారశీక చక్రవర్తి జెర్క్సిస్ ఆ వార్తను ఇంటికి పంపిన తీరును చెబుతూ గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ దీన్ని వర్ణించాడు. ప్రయాణం ఎన్ని రోజులైతే అన్ని గుర్రాలు, అందరు మనుషులు దారిలో నిలిచి ఉంటారట. మంచు గానీ, వాన గానీ, ఎండ గానీ, చీకటి గానీ వారిని ఆపలేవన్నాడు. మన దేశానికి వస్తే, 14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తానుల రాజ్యంలో తిరిగిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రెండు రకాల ఏర్పాట్లను చూశాడు. ఒకటి గుర్రాలది, రెండవది కాలినడక వార్తాహరులది. రెండవదాంట్లో మైలుకు మూడు చోట్ల మనుషులు నడుం బిగించి సిద్ధంగా ఉండేవారు. వచ్చేవాడి ఒక చేతిలో లేఖ, రెండవ చేతిలో చివర రాగి గంటలు కట్టిన రెండు మూరల కర్ర. గంటల చప్పుడు దూరం నుంచి వినగానే తరవాతివాడు లేచి నిలబడేవాడు. గుర్రాలకన్నా ఈ కాలి బంట్లే త్వరగా చేరేవారని ఇబ్న్ బతూతా రాశాడు. సింధు నుంచి ఢిల్లీకి మామూలుగా యాభై రోజుల ప్రయాణం. ఆ దారిలో కబురు ఐదు రోజుల్లో అందేదట.

ఇలా దారిలో మజిలీ మజిలీకి గుర్రాలనో, బోయీలనో, వార్తాహరులనో నిలిపి ఉంచే ఏర్పాటుకు తెలుగులో ఒక మాట ఉంది. అది ‘అంచె’. మీరు అడిగిన సొంత మాట ఇదే. పోస్టుకు ఏ భావం మూలమో అంచెకూ అదే భావం. ఎవరినో చూసి అనువదించుకున్నది కాదు. మనవాళ్ళ మధ్య పుట్టి పెరిగిన ద్రావిడ పదం. కన్నడులు ఉత్తరాల పోస్టును నేటికీ ‘అంచె’ అనే అంటారు, అక్కడి పోస్టాఫీసు ‘అంచె కచేరి’. తమిళులు ‘అంజల్’ అంటారు. నేటి కేరళలోని తిరువాన్కూరు సంస్థానం తన సొంత తపాలా శాఖను ‘అంచల్’ అనే పేరుతోనే నడిపింది. 1951లో అది భారత తపాలా శాఖలో కలిసింది. పొరుగున కన్నడులు, తమిళులు నిలుపుకొన్న మాటను మనం చేజార్చుకొని తపాలాకు పోయాం. తపాలా మీద నాకు కోపం లేదు, అది జనం నోట నలిగిన మాట. కానీ అంచెను పూర్తిగా మరిచిపోవడం నన్ను బాధిస్తుంది.

హెరొడొటస్ చెప్పిన వార్తాహరులకు గ్రీకులో ‘అంగరోస్’ అని పేరు. అది వినగానే అంచెను గ్రీసుకు ముడిపెట్టే ఉత్సాహవంతులు ఉంటారు. రెండు అక్షరాల పోలిక చూసి చుట్టరికం కలపరాదు. ఇంకొక మాట ఉంది, అది మరింత అందమైనది కాబట్టి మరింత ప్రమాదకరమైనది. హంసకు వికృతి ‘అంచ’. హంసనడక గలది అంచయాన. శ్రీనాథుడి శృంగార నైషధంలో నలుడి మాటను దమయంతికి మోసుకెళ్ళింది హంసే. కనుక ఉత్తరం మోసే అంచె కూడా ఆ హంసేనని అనుకోవాలనిపిస్తుంది. శ్రీనాథుణ్ణి ప్రేమించేవారెవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ హంస నలుడి దగ్గర బయలుదేరి తానే దమయంతిని చేరింది. మధ్యలో మరొక హంసకు కబురు అప్పగించలేదు. అంచెకు ప్రాణం ఆ అప్పగింతలోనే ఉంది. అందుకే ఆ వ్యుత్పత్తిని నేను ఒప్పుకోలేను.

ఈ తేడా తెలిస్తే ఒక తప్పు తప్పుతుంది. “అంచలంచలుగా ఎదిగాడు” అని ఈ మధ్య విరివిగా రాస్తున్నారు. ‘అంచలు’ అంటే హంసలు. రాయవలసింది ‘అంచెలంచెలుగా’. ఒక మజిలీ దాటి మరొక మజిలీ, అలా క్రమంగా అని దాని అర్థం. ఈ పదబంధంలోనే అంచె ఇంకా ఊపిరితో ఉంది. మరొకటి ‘మూడంచెల’. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ గ్రామం, సమితి, జిల్లా అనే మూడు స్థాయిల పంచాయతీ వ్యవస్థను సిఫారసు చేసింది. దాన్ని మనం మూడంచెల వ్యవస్థ అన్నాం. దారి వెంట అడ్డంగా సాగే అంచె అక్కడ నిలువుగా పేర్చిన మెట్టయింది. అర్థం కొంత జరిగింది, అయినా మాట నిలిచింది. ఆ మాటను ఎంచినవారికి నమస్కారం పెట్టాలి.

అంతటి మాట చేతిలో ఉండగా “రిలే నిరాహార దీక్షలు” అని రాయడం ఏమిటి? వేటలో అలసిన కుక్కల స్థానంలో వదలడానికి దారిలో సిద్ధంగా ఉంచిన తాజా కుక్కలు, ఆ తరవాత గుర్రాలు: ఇంగ్లీషు ‘రిలే’ పుట్టుక అదీ. అంటే అచ్చంగా అంచె. ‘అంచె దీక్షలు’ అనండి, ‘అంచె పరుగు’ అనండి. అర్థం కాదేమోనన్న భయం అక్కర్లేదు. అంచెలంచెలుగా అన్నది తెలిసినవారికి ఇదీ తెలుస్తుంది. ఒకరు పంపిన సందేశాన్ని అందుకొని మరొకరికి పంపడాన్ని ‘ఫార్వర్డు చేయడం’ అంటున్నాం, అక్కడా ఈ మాట చక్కగా అమరుతుంది.

ఇక టపా. టపా అంటే తపాలాయే, ఉత్తరాల పోస్టు. ఫేస్‌బుక్ పోస్టులోని పోస్టు తపాలా నుంచి కాదు, గుంజ నుంచి వచ్చింది. పదిమందీ చూడవలసిన ప్రకటనను నలుగురూ తిరిగే చోట గుంజకు అంటించేవారు. అలా అంటించడమే పోస్టు చేయడం అయింది. అంటించే కాగితం పోస్టరు అయింది. ఆ వాడుకే కంప్యూటర్ తెర మీదికి ఎక్కింది. కాబట్టి దాన్ని టపా అనడం, మూలాన్ని బట్టి చూస్తే, ఒక పోస్టుకు మరొక పోస్టు తెలుగును తొడగడమే. పైగా ఉత్తరం ఒకరికి రాసేది, ఇది అందరికీ చూపేది. అయినా తెలుగులో బ్లాగులు రాసినవారు ఆ మాటను ఇష్టంగా పెంచుకున్నారు. పొట్టిది, పలకడానికి హాయిగా ఉంది, విభక్తులు చేర్చితే తెలుగు నామంలా వంగుతుంది. పైగా మరాఠీలో మజిలీని ‘టప్పా’ అంటారు. మన టపాకు దానితో బంధుత్వం ఉందని తేలితే అదీ అంచె వంటి మాటే అవుతుంది. అందుచేత దాన్ని తప్పని కొట్టివేయను, నేనై వాడను. మీకు నచ్చితే వాడండి. అయితే ఒకే వ్యాసంలో ఒకచోట టపా, ఒకచోట పోస్టు అని మాత్రం కలపకండి.

రాత గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. ఉత్తరమైనా ఉద్యోగమైనా ‘పోస్టు’ అని అజంతంగానే, అంటే చివర అచ్చుతోనే రాయండి. అప్పుడే పోస్టులు, పోస్టుకు, పోస్టులో అని సాఫీగా సాగుతుంది. ‘పోస్ట్‌లు’, ‘పోస్ట్‌కు’ అనే పొల్లు రూపాలు చదివేవాడి నాలుకను అనవసరంగా ఇబ్బంది పెడతాయి. పోస్టుమార్టం, పోస్ట్‌మార్టం రెండూ వాడుకలో ఉన్నాయి. అక్కడ నాకు పట్టింపు లేదు.