డేట్ పికర్‌లో సర్వర్ తేదీ సెట్ చేస్తే ఏవో వింత తేదీలు ఎందుకు వస్తాయి?

మీరు అడిగింది ఇదీ: జెక్వెరీ యూఐ డేట్‌పికర్‌కి, అంటే వెబ్ ఫారంలో క్యాలెండర్ చూపించి తేదీ ఎంచుకోనిచ్చే జావాస్క్రిప్ట్ పనిముట్టుకి, డీడీ/ఎంఎం/వైవై (రోజు/నెల/సంవత్సరం) ఫార్మాట్ పెట్టారు. సర్వర్ నుంచి 2006-06-01 అని వచ్చిన పుట్టిన తేదీని సెట్‌డేట్‌కి (పికర్‌లో తేదీ పెట్టే ఫంక్షన్‌కి) ఇస్తే సంబంధం లేని తేదీ ఏదో చూపిస్తోంది, బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఎర్రర్ కూడా లేదు. ఆ ‘ఎర్రర్ లేదు’ అన్న ముక్క చదవగానే నాకు విషయం అర్థమైపోయింది. ఇంకేం చూడక్కర్లేదు, ఇది నేను ఇంతకుముందు చూసిన తప్పే.

2024 వేసవిలో హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వాళ్లు తమ అడ్మిషన్ల పోర్టల్ చూసి పెట్టమని పిలిచారు. రాసిన కంపెనీ డబ్బులు తీసుకుని ఫోన్లు ఎత్తడం మానేసింది, అది మామూలే. ఆఫీసు సూపరింటెండెంట్ మేడం నన్ను కూర్చోబెట్టి ఒకటే మాట అన్నారు: “మా పిల్లలెవరూ ఇంకా పుట్టలేదండీ.” తర్వాత రెండు ప్రింటవుట్లు ముందు పెట్టారు. ఒకే అమ్మాయి అప్లికేషన్. జూన్ 10న తీసినదాంట్లో పుట్టిన తేదీ 30/11/2029. మర్నాడు తీసినదాంట్లో 01/12/2029.

అప్పటికే ఒకాయన వచ్చి వైరస్ అని చెప్పి రెండు కంప్యూటర్లు ఫార్మాట్ కొట్టి వెళ్లాడు. ఇంకొకాయన సర్వర్ గడియారం తప్పుగా ఉందన్నాడు. అసలు పట్టుకున్నది మేడమే. రోజూ పొద్దున్నే అదే అప్లికేషన్ తెరిచి, కనిపించిన తేదీని నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చారు. “రోజుకొకటి పెరుగుతోందండీ, వడ్డీలాగా” అన్నారు. డెవలపర్లమని చెప్పుకునేవాళ్లలో ఇలా రాసుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? రోజుకొకటి పెరుగుతోందంటే లెక్క ‘ఇవాళ’ నుంచి మొదలవుతోందన్నమాట. ఆ ఒక్క గమనికతో సగం పని అయిపోయింది.

జరిగేది ఇదీ. సెట్‌డేట్‌కి స్ట్రింగ్ (అక్షరాల రూపంలో రాసిన తేదీ) ఇస్తే, అది మీరు పెట్టిన ఫార్మాట్‌లోనే ఉందనుకుని చదవడానికి ప్రయత్నిస్తుంది. 2006లో మొదటి రెండంకెలు 20ని రోజు అనుకుంటుంది, తర్వాత ఏటవాలు గీత (/) రావాల్సిన చోట సున్నా కనిపిస్తుంది, అక్కడ ఫెయిలవుతుంది. ఆ ఎర్రర్‌ని లోపలే మింగేస్తుంది. అక్కడితో ఆగినా బాగుండేది. అదే సెట్‌డేట్‌కి “+7” అంటే వారం తర్వాత, “-1ఎం” అంటే నెల ముందు అని ఇచ్చే సౌకర్యం కూడా ఉంది కదా, మీ స్ట్రింగ్ అలాంటిదేమో అనుకుంటుంది. మధ్యలో ఉన్న డాష్‌లని మైనస్‌లుగా చదువుతుంది. 2006 రోజులు కలుపు, 6 తీసెయ్, 1 తీసెయ్. వెరసి ఇవాళ్టికి 1999 రోజులు. కాలేజీ అమ్మాయి అసలు పుట్టిన తేదీ కూడా ఇదే. జూన్ 10, 2024కి 1999 రోజులు కలిపి చూడండి, సరిగ్గా నవంబర్ 30, 2029 వస్తుంది. ఆ పోర్టల్‌లో ఇవాళ్టిని మ్యాక్స్‌డేట్‌గా (దాటకూడని చివరి తేదీగా) పెట్టి ఉంటే కనీసం ఇవాళ్టి తేదీ దగ్గర ఆగేది. అదీ పెట్టలేదు.

చూపించడం వరకే అయితే ఫర్వాలేదు. ఫోన్ నంబర్ మార్చడానికి ఎవరైనా ఆ ఫారం తెరిచి సేవ్ నొక్కితే ఆ భవిష్యత్తు తేదీ డేటాబేస్‌లోకి పోతోంది. అవన్నీ పదో తరగతి మెమోలు ముందేసుకుని మళ్లీ టైప్ చేయాల్సి వచ్చింది.

ఇక పరిష్కారం. స్ట్రింగ్‌ని నేరుగా సెట్‌డేట్‌కి ఇవ్వకండి. ముందు డేట్‌పికర్‌దే పార్స్‌డేట్ ఫంక్షన్‌కి ‘వైవై-ఎంఎం-డీడీ’ అనే ఫార్మాట్‌నీ, సర్వర్ స్ట్రింగ్‌నీ ఇవ్వండి. అది డేట్ ఆబ్జెక్ట్ ఇస్తుంది, స్ట్రింగ్ తప్పుగా ఉంటే ఎర్రర్ గట్టిగానే చెబుతుంది. ఆ ఆబ్జెక్ట్‌ని సెట్‌డేట్‌కి ఇవ్వండి. సర్వర్‌కి వెనక్కి పంపడానికి ఒక హిడెన్ ఫీల్డ్ (తెర మీద కనిపించని పెట్టె) పెట్టి దాన్ని ఆల్ట్‌ఫీల్డ్‌గా చూపించి, ఆల్ట్‌ఫార్మాట్‌కి కూడా అదే వైవై-ఎంఎం-డీడీ ఇవ్వండి. మనిషికి కనిపించేది ఒకటి, సర్వర్‌కి వెళ్లేది ఇంకొకటి. ఇంకో మాట, సెట్‌డేట్ వాడితే ఆన్‌సెలెక్ట్ (మనిషి తేదీ ఎంచుకోగానే నడిచే కోడ్) పేలదు. తేదీ మారగానే వయసు లెక్కకట్టే కోడ్ అందులో పెట్టుకుంటే దాన్ని మీరే విడిగా పిలవాలి.

పార్స్‌డేట్ బదులు జావాస్క్రిప్ట్ సొంత ‘న్యూ డేట్’కి స్ట్రింగ్ ఇచ్చేయమని కొందరు చెబుతారు, దయచేసి వద్దు. 2006-06-01 అని ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాద్‌లో అది ఉదయం 5:30, తేదీ మారదు, అంతా బాగుందని సంతకం పెట్టేస్తారు. డల్లాస్‌లో కూర్చున్న టెస్టర్‌కి అదే మే 31 సాయంత్రం. పంపేటప్పుడు దెబ్బ మనకి: ఇక్కడి అర్ధరాత్రిని టూఐఎస్ఓస్ట్రింగ్‌తో (తేదీని యూటీసీలో రాసిచ్చే ఫంక్షన్‌తో) మారిస్తే ముందురోజు 18:30 అవుతుంది. డేటాబేస్‌లో తేదీల పక్కన వరసగా 18:30 కనిపిస్తే ఆ కోడ్ ఇండియాలో నడిచిందని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఈ ఫార్మాట్ అక్షరాల గోల ఒకటి. జెక్వెరీ యూఐలో వైవై అంటే నాలుగంకెల సంవత్సరం. అలవాటుకొద్దీ నాలుగు వైలు కొడితే 20062006 అని వస్తుంది. చిన్న ఎంఎం ఇక్కడ నెల, జావాలో నిమిషాలు. మొమెంట్ అనే తేదీల లైబ్రరీలో పెద్ద డీడీ రోజు, చిన్న డీడీ వారం పేరు. వీళ్లంతా ఒకచోట కూర్చుని టీ తాగుతూ మాట్లాడుకుని ఉంటే మనకింత టెన్షన్ ఉండేది కాదు.

టెస్ట్ చేసేటప్పుడు 25వ తేదీ లాంటిది వాడండి, 25వ నెల ఉండదు కాబట్టి తారుమారైతే దొరికిపోతుంది. మన దగ్గర పెద్దవాళ్ల సర్టిఫికెట్లలో జూన్ 1, జూలై 1 పుట్టినరోజులు కుప్పలుగా ఉంటాయి, బళ్లో చేర్చుకున్నప్పుడు మాస్టారు వేసినవి. రోజూ నెలా తారుమారైనా 01/06 కాస్తా 06/01 అవుతుందంతే, ఎవరికీ అనుమానం రాదు.

అసలు పుట్టిన తేదీకి క్యాలెండర్ ఎందుకండీ? డిఫాల్ట్‌గా వదిలేస్తే సంవత్సరం మార్చుకోవడానికి లిస్టు కూడా రాదు. 1962లో పుట్టిన తండ్రి 2024లో ఆ ఫారం నింపాలంటే వెనక బాణాన్ని నెలకొకటి చొప్పున దాదాపు 744 సార్లు నొక్కాలి. ఆ లిస్టు తెచ్చే చేంజ్‌ఇయర్ ఆప్షన్ పెట్టినా అటు పదేళ్లు, ఇటు పదేళ్లే చూపిస్తుంది, ఇయర్‌రేంజ్ కూడా మీరే పెంచాలి. రోజు, నెల, సంవత్సరం మూడు పెట్టెలు ఇచ్చేస్తే నిమిషంలో టైప్ చేస్తారు. ఆ కాలేజీకి చివరికి అదే చేసి పెట్టాను, మేడం ఇంకేమీ అడగలేదు.

బ్రౌజర్ సొంత డేట్ ఇన్‌పుట్ వాడమని కూడా సలహాలొస్తాయి. వాడండి, కానీ దాని విలువ ఎప్పుడూ 2006-06-01 రూపంలోనే ఇవ్వాలి, వేరేలా ఇస్తే ఖాళీ అయిపోతుంది. కనిపించే ఫార్మాట్ మాత్రం బ్రౌజర్ ఇష్టం, స్క్రిప్ట్‌తో మార్చలేరు. ఆఫీసు కంప్యూటర్లలో సగం అమెరికా సెట్టింగులతోనే ఉంటాయి కాబట్టి నెల ముందు వస్తుంది.

డేట్‌పికర్‌లో నెలల పేర్లు తెలుగులో కావాలని కూడా అడుగుతుంటారు. నేను వాడిన వెర్షన్‌లో తమిళం, మలయాళం, హిందీ ఫైళ్లున్నాయి, తెలుగుది లేదు. మంత్‌నేమ్స్ ఆప్షన్‌లో జనవరి నుంచి డిసెంబర్ దాకా మీరే రాసుకోండి, డేనేమ్స్‌మిన్‌లో వారాల పేర్లు ఆదివారంతో మొదలుపెట్టండి.