టెక్ సందేహాలు: వాచీ తర్వాత, ముందు టేపు

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నాను సార్. రోజూ పొద్దున శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు పరుగెడతాను. ఫోన్‌లో పరుగు కొలిచే స్ట్రావా యాప్ ఒకరోజు 1.52 కిలోమీటర్లు, ఇంకోరోజు 1.67 అంటోంది. జీపీఎస్ వాచీ కొంటే ఈ తేడా పోతుందా? – ఓ పాఠకుడు, ఆమదాలవలస

తగ్గుతుంది గానీ పోదు. అందుకే ఇప్పుడే కొనకండి.

జీపీఎస్ మీరు ఎక్కడున్నారో సెకనుకో చుక్క పెట్టి, ఆ చుక్కల్ని గీతలతో కలుపుతుంది. ఆకాశం బాగా కనబడే చోట కూడా ఫోన్ పెట్టే చుక్క ఐదు మీటర్ల వరకు పక్కకి పోవడం మామూలే. తిన్నగా పోయే రోడ్డు మీద అది పెద్దగా తెలీదు. గ్రౌండ్‌లో అలా కాదు. మలుపు దగ్గర గీత అడ్డంగా కోసేస్తే దూరం తగ్గుతుంది, చుక్కలు అటూ ఇటూ ఊగితే పెరుగుతుంది.

మీ పరీక్ష 1600 మీటర్లు, 8 నిమిషాలు. అంటే 400 మీటర్ల రౌండుకి 2 నిమిషాలు. మీరు తిరిగే రౌండు నిజంగా 400 ఉందా? తెలిసిన మేస్త్రీ దగ్గర 30 మీటర్ల టేపు అడిగి తెచ్చుకుని, రెండో కొస ఫ్రెండ్‌ని పట్టుకోమనండి. ట్రాక్ లోపలి అంచుకి గట్టు ఉంటే దానికి 30 సెంటీమీటర్లు ఇవతల, సున్నం గీతే ఉంటే 20 సెంటీమీటర్లు ఇవతల కొలవాలి. మలుపుల్లో టేపుని ఒకేసారి లాగేయకుండా కొంచెం కొంచెంగా కొలవండి. రౌండు 10 మీటర్లు తక్కువుందనుకోండి, నాలుగు రౌండ్లకి 40 మీటర్లు. మీ వేగంలో అది దాదాపు 12 సెకన్లు. ఇక్కడ 7:50కి వచ్చి సంబరపడినవాళ్లు అక్కడ 8:02కి వస్తారు! రెండో లైన్‌లో పరుగెడితే దీనికి రివర్స్: ఒక్కో రౌండుకి ఏడు మీటర్లకి పైగా ఎక్కువ పరుగెడుతున్నట్టే.

కొలిచాక స్టాప్‌వాచ్ ఉన్న మామూలు డిజిటల్ వాచీ చాలు. మొదటి రౌండు 1:40కి లాగేసి నాలుగోది 2:15కి ఈడ్చుకొస్తున్నారా అన్నది రౌండు రౌండుకీ టైమ్ చూసుకుంటేనే తెలుస్తుంది. స్ట్రావాని ఆదివారం రోడ్డు మీద చేసే లాంగ్ రన్‌కి ఉంచుకోండి. అందులో ఆటో పాజ్ ఆపేయండి. మీరు ఆగితే అదీ ఆగుతుంది, ఈవెంట్స్‌లో గడియారం ఆగదు.

ప్రశ్న: విజయనగరంలో పెద్దచెరువు వైపు జాగింగ్‌కి వెళ్తాను. ఫోన్ మోసుకెళ్లడం చిరాకు. బ్యాండ్ సరిపోతుందా? యాప్ వల్ల మన ఇల్లు ఎక్కడో అందరికీ తెలిసిపోతుందని మా అమ్మాయి భయపెడుతోంది. – ఓ గృహిణి

మీ అమ్మాయి మాట నిజమే. 2018లో స్ట్రావా ప్రపంచపటంలో సైనికులు పరుగెత్తిన దారులు మెరిసి, సైనిక స్థావరాల ఆనవాళ్లు బయటపడ్డాయి. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి, మొదలూ చివరా కనబడకుండా దాచేయండి. అసలు మీకు తప్ప ఎవరికీ కనబడకుండా పెట్టుకుంటే ఇంకా నయం.

బ్యాండ్ డబ్బా మీద ‘కనెక్టెడ్ జీపీఎస్’ అని ఉంటే దాని అర్థం జీపీఎస్ మీ ఫోన్‌లోదే అని. ఫోన్ ఇంట్లో వదిలేస్తే ఆ బ్యాండ్ మీ అడుగులు లెక్కపెట్టి దూరం అంచనా వేస్తుంది, అంతే. ఫోన్ లేకుండా వెళ్లాలంటే ‘బిల్ట్-ఇన్ జీపీఎస్’ ఉన్నది అడగండి. ఆరోగ్యం కోసమైతే అడుగుల లెక్కతో సరిపెట్టుకోవచ్చు. నిన్నటికీ ఇవాళ్టికీ అదే బ్యాండుతో పోల్చుకుంటారు కాబట్టి నష్టం లేదు.

ప్రశ్న: జిమ్‌లో ట్రెడ్‌మిల్ 5 కిలోమీటర్లు చూపిస్తే నా వాచీ 4.3 అంటోంది. – బొబ్బిలి నుంచి

ముందు రైలింగ్ వదలండి. చెయ్యి ఊగకపోతే వాచీ అడుగులు సరిగా లెక్కపెట్టలేదు. అప్పటికీ తేడా ఉంటే వాచీలో కాలిబ్రేషన్ ఆప్షన్ ఉందేమో చూసి సరిచేసుకోండి.