టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ మాత్ర ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36 ఏళ్లు. మాది చంద్రగిరి. ఏడాదిగా నీరసం, మలబద్ధకం, నెలసరిలో అధిక రక్తస్రావం ఉన్నాయి. బరువు 9 కిలోలు పెరిగాను. ఏటా అలిపిరి మెట్లదారిన కొండకు నడిచి వెళ్లేదాన్ని. ఈసారి గాలిగోపురం చేరేసరికే కాళ్లు లాగేశాయి. పరీక్షలో టీఎస్‌హెచ్ 18.6, ఫ్రీ టీ4 0.6 వచ్చాయి. 50 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే మళ్లీ హార్మోన్ మాత్ర ఎందుకని ఇంట్లోవాళ్లు అంటున్నారు. పది రోజులు వాడి మళ్లీ పరీక్ష చేయిస్తే 16 ఉంది. మాత్ర మానేయాలా, డోసు పెంచుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మాత్ర మానకూడదు, సొంతంగా డోసు పెంచుకోనూ కూడదు. మీ ఇంట్లోవారికి వచ్చిన అనుమానం మా దగ్గరికి వచ్చే చాలామందికి వచ్చేదే. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్. దాన్ని తయారుచేసేది మెడలోని థైరాయిడ్ కాదు, మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి. రక్తంలో థైరాయిడ్ హార్మోన్లు తగ్గినప్పుడు మెదడులోని హైపోథలామస్ అనే భాగం నుంచి టీఆర్‌హెచ్ అనే హార్మోన్, దాని ప్రేరణతో పిట్యూటరీ నుంచి టీఎస్‌హెచ్ ఎక్కువగా వెలువడి థైరాయిడ్‌ను తొందరపెడతాయి. హార్మోన్లు సరిపడా తయారయ్యాక ఆ హార్మోన్లే పై రెండింటి జోరును తగ్గిస్తాయి. పెద్దల్లో టీఎస్‌హెచ్ సుమారు 0.4 నుంచి 4 వరకు, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాయిడ్ హార్మోన్) సుమారు 0.8 నుంచి 1.8 వరకు ఉండాలి. మీ పిట్యూటరీ గట్టిగా అడుగుతున్నా థైరాయిడ్ ఇవ్వలేకపోతోందని ఆ రెండు అంకెలూ కలిపి చూస్తే తెలుస్తుంది. మాత్రతో లోటు పూడితే టీఎస్‌హెచ్ దానంతటదే దిగుతుంది.

మీ వయసు ఆడవారిలో దీనికి కారణం చాలావరకు హషిమోటో వ్యాధి. శరీర రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేసే ఈ జబ్బును జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో వర్ణించారు. థైరాయిడ్‌పై గురిపెట్టిన యాంటీబాడీలను చూసే యాంటీ టీపీఓ రక్తపరీక్షతో దీన్ని పసిగట్టవచ్చు.

ఒక్క గ్రంథి మందగిస్తే ఇన్ని బాధలెందుకంటే, థైరాయిడ్ విడుదల చేసే టీ4 కణజాలాల్లో టీ3గా మారి, కణ కేంద్రకంలోకి చేరి, ఏ జన్యువు ఎంత పనిచేయాలో నిర్దేశిస్తుంది. అది తగ్గితే పేగుల కదలిక, గుండె వేగం నెమ్మదిస్తాయి, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. పైగా టీఆర్‌హెచ్ ఎక్కువైతే తల్లిపాల ఉత్పత్తికి తోడ్పడే ప్రొలాక్టిన్ హార్మోన్ కూడా పెరిగి నెలసరి గాడి తప్పవచ్చు. అధిక రక్తస్రావం ఉంది కనుక హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. మెట్లెక్కలేకపోవడంలో రక్తహీనత వాటా ఉండవచ్చు. బరువు విషయంలో మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. థైరాయిడ్ లోపం వల్ల సాధారణంగా కొద్ది కిలోలే, అదీ ఎక్కువగా ఉప్పూనీరూ నిలవడం వల్ల పెరుగుతాయి. 9 కిలోలనూ దాని ఖాతాలో వేయలేం.

ఇక పది రోజుల పరీక్ష సంగతి. ఆ ఖర్చు దండగే. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది కాబట్టి, దాని మోతాదు నిలకడగా కుదిరి, పిట్యూటరీ దానికి అనుగుణంగా సర్దుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. అప్పుడు చేయించిన టీఎస్‌హెచ్‌ను బట్టే మీ డాక్టర్ డోసు మారుస్తారు.

మాత్రను పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు కాఫీ సహా ఏమీ తీసుకోవద్దు. కాఫీతోనో రాగిజావతోనో మింగితే మందు సరిగా ఒంటబట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. శనివారం ఒక్కపొద్దు ఉన్నా ఈ మాత్ర మానకండి. ఉడికించిన క్యాబేజీ మామూలుగా తినవచ్చు.

మరొక మాట అడగాలి. ఒళ్లు నొప్పులకని పేరు తెలియని మాత్రలు నెలల తరబడి వాడుతున్నారా? వాటిలో స్టెరాయిడ్ ఉంటే, పిట్యూటరీ మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించడం తగ్గించేస్తుంది. క్లోమం చక్కెరను, పారాథైరాయిడ్ కాల్షియంను నేరుగా గమనించి స్పందిస్తాయి కానీ, అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారుచేయాలంటే థైరాయిడ్ మాదిరే పిట్యూటరీ ఆజ్ఞ కావాలి. కార్టిసాల్ లోపించినవారికి ముందు దాన్ని సరిచేయకుండా థైరాయిడ్ మాత్ర ఇస్తే ప్రమాదం. అలాంటివి వాడి ఉంటే హఠాత్తుగా ఆపకుండా, వాటి అట్టలతో సహా మీ డాక్టర్‌కు గానీ తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోని ఎండోక్రైనాలజీ (హార్మోన్ జబ్బుల) విభాగంలో గానీ చూపించండి.

గర్భం కోసం ప్రయత్నిస్తుంటే ముందే డాక్టర్‌తో చెప్పి టీఎస్‌హెచ్ అదుపులోకి వచ్చాక ప్రయత్నించడం మేలు. ఈలోగా నెల తప్పితే తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ వారంలోనే కలవాలి; గర్భిణికి ఈ మందు మోతాదు తరచూ పావు వంతు నుంచి సగం వరకు పెంచాల్సి వస్తుంది, బిడ్డ మెదడు ఎదుగుదలకు తొలి నెలల్లో తల్లి హార్మోనే ఆధారం.